గడ్డి ఎండిందని పటం చెప్పాలి

అమెరికాలో ప్రతి గురువారం ఉదయం ఒక రంగుల పటం విడుదలవుతుంది. పేరు యూఎస్ డ్రాట్ మానిటర్. దేశంలో ఏ మూల ఎంత కరువుందో అయిదు రంగుల్లో చూపిస్తుంది. పసుపు అంటే నేల ఆరుతోందని. ముదురు ఎరుపు అంటే యాభై ఏళ్లకోసారి వచ్చేంత కరువని. టీవీలో ఆ పటం కనిపిస్తే మన కాలనీల్లో వచ్చే ఆలోచన ఒక్కటే: లాన్‌కు నీళ్లు వారానికి రెండుసార్లు పెట్టొచ్చా, ఒక్కసారేనా? పశువులు మేపేవాళ్లు మాత్రం తమ కౌంటీ మీద వేలు పెట్టి మరీ చూసుకుంటారు. వాళ్లకు ప్రభుత్వం ఎన్ని నెలల మేత డబ్బు ఇవ్వాలో తేల్చేది ఆ రంగులే.

ఆ డబ్బు ఇచ్చే పథకం లైవ్‌స్టాక్ ఫొరేజ్ డిజాస్టర్ ప్రోగ్రామ్, క్లుప్తంగా ఎల్‌ఎఫ్‌పీ. అమెరికా వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, అంటే ఎఫ్‌ఎస్‌ఏ, దీన్ని నడుపుతుంది. కంప్యూటర్ల ముందు కూర్చునే మనకు దీంతో పనేంటి అంటారా? ఉంది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు నలుగురైదుగురు కలిసి యాభై, వంద ఎకరాలు కొనడం ఇప్పుడు మామూలైపోయింది. దానికి ఆస్తి పన్ను తక్కువ పడాలంటే అందులో వ్యవసాయం జరుగుతుండాలి. దున్నడం మన వల్ల కాదు కాబట్టి, ఆవులు మేపుకోమని స్థానిక రాంచర్‌కు కౌలుకు ఇస్తాం. మేం అయిదుగురం చేసిందీ అదే. డాలస్‌కు పడమటి వైపు 96 ఎకరాలు. కౌలుదారు ఒక పెద్దాయన. నలభై దాకా ఆవులున్నాయి. మా భూమి కాక మరో రెండు చోట్ల కూడా కౌలుకు మేపుతాడు.

2022 వేసవిలో టెక్సాస్‌లో చాలా భాగం పటంలో ఎర్రబడింది. మా భూమిలో చెరువు అడుగు బయటపడి నెర్రెలిచ్చింది. (ఇక్కడ పశువుల చెరువును ‘ట్యాంక్’ అంటారు. మన పాత పీడబ్ల్యూడీ రికార్డుల్లోనూ చెరువు ట్యాంకే. ఆ ఒక్క మాట వింటే నాకు ఊరు గుర్తొస్తుంది.) ఎల్‌ఎఫ్‌పీకి దరఖాస్తు చేస్తున్నాను, కౌలు కాగితం కాపీ ఒకటి పంపమని పెద్దాయన అడిగాడు. అంతే, మా వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. “భూమి మనది. పన్ను కట్టేది మనం. ఎండింది మన గడ్డి. డబ్బు ఆయనకెందుకు?”

ఆ మాట అన్నవాడు అత్యాశపరుడు కాదు. ఊళ్లో పంట నష్టపరిహారం పట్టాదారు ఖాతాలో పడి, దున్నిన కౌలు రైతు ఉత్త చేతులతో మిగిలిపోవడం చూస్తూ పెరిగినవాళ్లం. మనకు డబ్బు భూమి వెంట వెళ్లడమే సహజంగా తోస్తుంది.

ఎల్‌ఎఫ్‌పీ దానికి పూర్తిగా రివర్స్. ఇక్కడ డబ్బు పశువు వెంట వెళ్తుంది. కరువు మొదలయ్యే నాటికి ముందు 60 రోజుల వ్యవధిలో పశువులు ఎవరివో, ఆ భూమిలో మేత ఎవరి చేతిలో ఉందో, మేత పోతే నష్టం ఎవరికో, వాళ్లే అర్హులు. నిర్ణీత కౌలు డబ్బులు తీసుకుని భూమిని వేరొకరికి అప్పగించిన యజమానికి నష్టం లేదు. వాన పడినా పడకపోయినా అతని కౌలు అతనికి వస్తుంది. కాబట్టి పరిహారమూ లేదు. ఇందులో వాదించడానికేమీ లేదని నా అభిప్రాయం. ఆ రెండు నెలలు ఎండుగడ్డి కోసం ట్రక్కేసుకుని తిరిగింది ఆయనే కానీ, మాలో ఎవరూ కాదు.

లెక్క వేస్తే

గ్రూపులో గొడవ సద్దుమణగడానికి నీతి కన్నా లెక్క ఎక్కువ పనికొచ్చింది. పథకంలో పెద్ద ఆవుకు రోజుకు 15.7 పౌండ్ల మొక్కజొన్న మేతగా కడతారు. నెలకు 471 పౌండ్లు, అంటే 8.4 బుషెళ్లు. మొక్కజొన్న ధర ఏటా మారుతుంది. సులువుకి బుషెల్ నాలుగున్నర డాలర్లనుకుందాం. నెల మేత ఖర్చు దాదాపు 38 డాలర్లు. ప్రభుత్వం ఇచ్చేది అందులో 60 శాతం. అంటే ఆవుకు నెలకు సుమారు 23 డాలర్లు. గొర్రెకైనా మేకకైనా ఆవుకిచ్చేదాంట్లో పావు వంతు.

అయితే మెలిక ఒకటుంది. ఆయనకున్న ఆవుల మేత ఖర్చు, ఆ భూమి మామూలు ఏడాదిలో మేపగలిగిన పశువుల లెక్క, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీదే 60 శాతం. పదెకరాలకు ఒక ఆవు అనే కౌంటీలో మా 96 ఎకరాలు పట్టుమని పది ఆవులకు కూడా సరిపోవు. పది ఆవులు, నెలకు 23 డాలర్లు, నాలుగు నెలలు అనుకున్నా వచ్చేది 920 డాలర్లు. మేం అయిదుగురం పంచుకుంటే మనిషికి 184. వీకెండ్‌లో పిల్లల్ని తీసుకుని భోజనానికి వెళ్తే అయిపోయే డబ్బు. అటు ఆయన గడ్డి కొనలేక ఆవుల్ని వేలానికి తోలేస్తే మాకు ఎగిరిపోయే పన్ను తేడా దానికి ఎన్నో రెట్లు.

ఏడాదికి ఒక మనిషికి గరిష్ఠంగా 1,25,000 డాలర్లు ఇస్తారని చదివి కళ్లు పెద్దవి చేసుకునేవాళ్లుంటారు. ఆ గీత దాకా వెళ్లేది వందలు, వేల పశువులున్న పెద్ద రాంచ్‌లు. నలభై ఆవులవాళ్లకు వచ్చేది గడ్డి బిల్లులో కొంత భాగమే.

ఎవరూ వచ్చి చూడరు

నాకు ఈ పథకంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది దాని యంత్రాంగం. పచ్చిక ఎండిందో లేదో చూడటానికి అధికారి రాడు. ఫొటోలు అక్కర్లేదు. పంచనామా లేదు. మీ కౌంటీలో పచ్చిక మేసే రుతువులో పటం ఏ రంగు చూపించింది, ఎన్ని వారాలు చూపించింది, అంతే. రంగుల వెనక సంకేతాలున్నాయి. నారింజ డి2, అంటే తీవ్ర కరువు. ఎరుపు డి3. ముదురు ఎరుపు డి4. డి3 ఒక్క వారం తగిలినా మూడు నెలల చెల్లింపు. డి3 నాలుగు వారాలున్నా, డి4 ఒక్కసారి తాకినా నాలుగు నెలలు. డి4 నాలుగు వారాలుంటే అయిదు. డి2 విషయంలో 2025 వరకు నియమం కఠినంగా ఉండేది. వరసగా ఎనిమిది వారాలు ఉంటేనే ఒక నెల డబ్బు. 2025 జులై 4న సంతకమైన పెద్ద చట్టంతో దాన్ని సడలించారు. ఇప్పుడు వరసగా నాలుగు వారాలుంటే ఒక నెల, ఎనిమిదింటిలో ఏడు వారాలుంటే రెండు నెలలు.

ప్రోగ్రామర్ కంటికి ఇది ముచ్చటైన డిజైన్. ఇన్‌పుట్ ఒక్కటే, అదీ అందరికీ కనిపించేది. రాంచర్ గురువారం పటం చూసి తనకేమొస్తుందో కాగితం మీద తనే లెక్కేసుకోవచ్చు. ఎవరి ప్రాపకమూ అక్కర్లేదు. 2022 ఆగస్టు మూడో వారం తర్వాత డాలస్‌ను ముంచెత్తిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఫ్రీవేల మీద కార్లు తేలాయి. ఆ వానతో కరువు తీరిందని ఎవరూ చెక్కు ఆపలేదు. అప్పటికే పటం మీద పడ్డ ఎర్ర వారాలు లెక్కలో ఉన్నాయి. వాన పడ్డాక నేల పచ్చబడుతుంది కానీ, జూన్‌లో కోయాల్సిన ఎండుగడ్డి ఆగస్టులో తిరిగి రాదు. పథకానికి ఆ సంగతి తెలుసు.

ఇంతకీ ఆ పటం గీసేదెవరు? నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని జాతీయ కరువు నివారణ కేంద్రం, వ్యవసాయ శాఖ, వాతావరణ పరిశోధన సంస్థ నోవా కలిసి 1999 నుంచి గీస్తున్నాయి. కొద్దిమంది నిపుణులు వంతులవారీగా వారం వారం రచయితలవుతారు. వాన లెక్కలు, నేలలో తేమ, నదుల ప్రవాహం, ఉపగ్రహ చిత్రాలు, వందల మంది స్థానిక పరిశీలకుల మాటలు అన్నీ కలబోసి గీత గీస్తారు. ఇది పూర్తిగా కంప్యూటర్ చేసే పని కాదు. మనిషి తీర్పు ఉంది. పటం మొదలుపెట్టినప్పుడు ఇది కరువును వర్ణించడానికే. 2008 ఫార్మ్ బిల్లు దాని మీద డబ్బు వేలాడదీసింది. అప్పటినుంచి ఆ గీత ఒక మైలు ఇటు జరిగినా అటు జరిగినా ఎవరి ఇంట్లోనో చెక్కు మారిపోతుంది. ఆ గీసేవాళ్ల ఈమెయిల్ పెట్టె ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పరిశీలకులుగా మనమూ చేరొచ్చు. నెబ్రాస్కా కేంద్రం వెబ్‌సైట్‌లో సీమోర్ అనే నివేదిక ఉంది. మీ భూమిలో గడ్డి, చెరువు ఎలా ఉన్నాయో రాసి ఫొటోలు జతచేసి పంపొచ్చు. అది మీ పరిహార దరఖాస్తు కాదు. కానీ ఆ వారం గీత గీసే మనిషి కళ్లకు అది కనిపిస్తుంది. పొలానికి వెళ్లి సెల్ఫీలు దిగే మనవాళ్లకు ఇదో మంచి వ్యాపకం.

గీతకు అటూ ఇటూ

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది కౌంటీ హద్దు. కౌంటీలో ఏ మూలన డి3 తగిలినా కౌంటీ మొత్తానికి అర్హత వస్తుంది. వాయవ్య మూల ఎండితే ఆగ్నేయాన మోకాలి లోతు గడ్డి ఉన్నవాడికీ చెక్కే. రోడ్డుకు అవతల వేరే కౌంటీలో, ఎండిన పచ్చికలో నిలబడినవాడికి సున్నా. పడమటి రాష్ట్రాల్లో కౌంటీలు మన జిల్లాల కన్నా పెద్దవి. అక్కడ ఈ అన్యాయం ఇంకా ఎక్కువ. అయినా ఇంటింటికీ ఇన్‌స్పెక్టర్‌ను పంపే పద్ధతి కన్నా ఇదే మేలంటాను. ఇన్‌స్పెక్టర్ వస్తే ఏం జరుగుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

రెండోది, చట్టసభ నిద్రపోతే పటం ఒక్కటే ఏమీ చేయలేదు. 2011లో టెక్సాస్ చరిత్రలోనే ఘోరమైన ఏడాది కరువు వచ్చింది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ వ్యవసాయ విస్తరణ విభాగం లెక్కల ప్రకారం నష్టం 762 కోట్ల డాలర్లు, అందులో పశుపోషణ వాటా 323 కోట్లు. సరిగ్గా ఆ ఏడాది సెప్టెంబరు ఆఖరుకు ఎల్‌ఎఫ్‌పీ గడువు ముగిసిపోయింది. మరుసటి ఏడాది కరువు మధ్య రాష్ట్రాలకూ పాకింది. పటం ఎర్రగానే ఉంది, ఖజానా మాత్రం మూత. 2014 ఫిబ్రవరిలో కొత్త ఫార్మ్ బిల్లు పథకాన్ని శాశ్వతం చేసి, వెనక్కి 2011 అక్టోబరు నుంచి వర్తింపజేసింది. 2012లో ఆవుల్ని తెగనమ్ముకున్నవాడికి 2014లో డబ్బొచ్చింది. అమ్మేసిన మంద అలా తిరిగి రాదు. పెయ్య ఎదిగి, చూడి కట్టి, ఈనాలంటే రెండేళ్ల పైమాటే. 2025 జనవరి 1 నాటికి అమెరికాలో పశువుల సంఖ్య 8.67 కోట్లు, 1951 తర్వాత ఇదే తక్కువ. కరువుల్లో అమ్ముకున్న ఆవుల పాత్ర అందులో చాలా ఉంది.

మూడోది అగ్ని. 2024 ఫిబ్రవరి 26న టెక్సాస్ పాన్‌హ్యాండిల్‌లో రాజుకున్న స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలకు పైగా తినేసింది. వేల పశువులు చనిపోయాయి. ఎల్‌ఎఫ్‌పీ అగ్ని నష్టానికీ ఇస్తుంది, కానీ కేంద్ర ప్రభుత్వ మేత భూముల్లో పశువుల్ని తోలొద్దని నిషేధించినప్పుడే. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటు. అలాంటివాళ్లు కాలిన పచ్చికకు ఈలాప్ అనే వేరే పథకానికి, చనిపోయిన పశువుకు ఎల్‌ఐపీ అనే ఇంకో పథకానికి వెళ్లాలి. ఒకే ఆఫీసు, వేర్వేరు ఫారాలు, వేర్వేరు గడువులు.

అక్కడ శిబిరం, ఇక్కడ చెక్కు

మాది అనంతపురం వైపు. వానలు ఎగ్గొడితే వేరుశనగ కాయతో పాటు కట్టె కూడా పోతుంది. అదే పశువుల మేత. కాబట్టి ఈ లెక్కలు చదువుతుంటే పోల్చకుండా ఉండలేకపోయాను.

మన దగ్గర కరువు ప్రకటన మండలం యూనిట్‌గా ఉంటుంది. 2016 కేంద్ర మాన్యువల్ ప్రకారం వాన లోటు, ఉపగ్రహ సూచీలు, నేలలో తేమ, విత్తిన విస్తీర్ణం అన్నీ చూడాలి. పది శాతం గ్రామాల్లో క్షేత్ర పరిశీలన చేయాలి. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం జాబితా ప్రకటించాలి. ఖరీఫ్ కరువుకు అక్టోబరు నెలాఖరు గడువు. శాస్త్రంగా చూస్తే ఇది డ్రాట్ మానిటర్‌కు ఏమాత్రం తీసిపోదు. కానీ చివరి మెట్టు ప్రభుత్వ ఉత్తర్వు. మా మండలం ఎందుకు లేదని ధర్నాలు ఆ మెట్టు దగ్గరే మొదలవుతాయి. అక్టోబరు దాకా ఆగగలిగే ఎద్దు ఎక్కడుంది? జులై, ఆగస్టుల్లోనే సంతకు వెళ్లిపోతుంది.

డబ్బు విషయంలో నేను ఊహించని సంగతొకటి కనిపించింది. విపత్తు నిధి 2022-26 నిబంధనల్లో పశు శిబిరంలో పెద్ద పశువు మేతకు రోజుకు 80 రూపాయలు, చిన్నదానికి 45. పైన వేసుకున్న లెక్కలో అమెరికా ఆవుకు వచ్చేది నెలకు 23 డాలర్లు, రోజుకు ముప్పావు డాలరు. రూపాయల్లో చూస్తే మన 80 కన్నా కాస్త తక్కువే! మొక్కజొన్న ధర పెరిగితే ఇక్కడి రేటూ పెరుగుతుందనుకోండి. తేడా మొత్తంలో లేదు, దారిలో ఉంది. అక్కడ ఆ 80 రూపాయలు రైతు చేతికి రావు. శిబిరం తెరిస్తే, పశువును అక్కడికి తోలుకెళ్తే, గడ్డి రూపంలో అందుతాయి. పంట బీమా ఉందిగా అంటే, అది నోటిఫై చేసిన పంటలకే. ఊరి బీడుకు, కొండ వాలుకు, పోరంబోకు పచ్చికకు లెక్క కట్టే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

అలాగని ఎల్‌ఎఫ్‌పీని తెచ్చి అక్కడ అతికించలేం. ఇక్కడి పథకం నడిచేది కౌలు కాగితం మీద, ఎకరాల నివేదిక మీద. సొంత సెంటు భూమి లేకుండా మందను తోలుకుని జిల్లాలు దాటే గొల్ల, కురుబ కాపరి ఏ కాగితం చూపిస్తాడు? మేత భూమి మీద హక్కు రుజువు చేయలేనివాడికి అమెరికాలో కూడా ఎల్‌ఎఫ్‌పీ లేదు. ఇక్కడ అలాంటివాళ్లు తక్కువ కాబట్టి పథకం సాఫీగా కనిపిస్తోంది.

భూమి ఉన్నవాళ్లకు

కౌలుకిచ్చే మనవాళ్లు, సొంతంగా మేకలో ఆవులో పెట్టుకున్న మనవాళ్లు, ఇద్దరూ చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. పశువులు మీవే అయితే మీరే దరఖాస్తుదారులు. కానీ పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు వ్యక్తిగా అర్హులు కారు. పశువులు అమ్మకం కోసం పెంచేవై ఉండాలి. పిల్లలు ఆడుకోవడానికి తెచ్చిన రెండు మేకలు లెక్కలోకి రావు. కరువు వచ్చాక కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకు పరుగెత్తడం కన్నా ముందే వెళ్లి ఫార్మ్ నంబరు తీసుకుని, ఏటా పచ్చిక ఎకరాల నివేదిక ఇచ్చిపెట్టుకోవడం మంచిది. దరఖాస్తు సీసీసీ-853 ఒక్కటే చాలదు. దాంతోపాటు ఆదాయ పరిమితి, భూసంరక్షణ ఫారాలూ ఉంటాయి. ఈ పని ముందే చేసినవాళ్లకు ఇంకో లాభం కూడా దక్కింది. 2023, 2024 కరువులకు కాంగ్రెస్ అదనపు సాయం మంజూరు చేసినప్పుడు, 2025లో ఆ డబ్బు ఎల్‌ఎఫ్‌పీ దరఖాస్తు ఉన్నవాళ్లకు మళ్లీ అడగకుండానే పడింది.

వర్షపాత సూచీ మీద నడిచే పీఆర్‌ఎఫ్ బీమా వేరు. దానికి ప్రీమియం కట్టాలి, డిసెంబరు 1లోపు చేరాలి. రెండూ ఉండొచ్చు.

హెచ్‌1బీ మీద ఉండి పదెకరాలకు మించి వ్యవసాయ భూమి కొన్నవాళ్లు పరిహారం సంగతి పక్కనపెట్టి ముందు మరో పని చూసుకోవాలి. విదేశీయులు సాగుభూమి కొంటే 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం ఇవ్వాలని 1978 నుంచి చట్టం ఉంది. ఇవ్వకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా పడొచ్చు. ఎల్‌ఎల్‌సీ పేరుతో కొన్నా దీన్నుంచి తప్పించుకున్నట్టు కాదు. వాటాలు చూసి న్యాయవాది చెప్పాల్సిన మాట అది.

టెక్సాస్ వాళ్లకు మరొకటి. కరువులో కౌలుదారు ఆవుల్ని అమ్మేస్తే పన్ను రాయితీ పోతుందన్న భయం మా గ్రూపులోనూ వచ్చింది. రాష్ట్ర పన్ను చట్టంలో 23.522 సెక్షన్ దీనికోసమే ఉంది. గవర్నర్ ప్రకటించిన కరువు ప్రాంతంలో, కరువు వల్లే వ్యవసాయం ఆగి, తీరాక మళ్లీ మొదలుపెట్టే ఉద్దేశం ఉంటే రాయితీ పోదు. కాబట్టి గడ్డి లేని నేల మీద ఆవుల్ని ఉంచమని కౌలుదారును ఒత్తిడి చేయక్కర్లేదు. అలా ఉంచితే వేర్లతో సహా మేసేస్తాయి, తర్వాత రెండేళ్లు కలుపు తప్ప ఏమీ మొలవదు.

మా పెద్దాయన ఆ ఏడాది పద్నాలుగు ఆవుల్ని అమ్మాడు. కరువు వల్ల అమ్మినవాటికీ తర్వాతి రెండేళ్ల లెక్కల్లో చోటుంటుంది, మామూలు రేటులో 80 శాతం కడతారు. ఆ నియమం మాకు చెప్పింది ఆయనే. ఇప్పుడు మంద మళ్లీ ముప్పై అయిదుకు చేరింది. పోయిన సారి కౌలు కాగితం తిరగరాసినప్పుడు ఒక వాక్యం చేర్చాం: పశువుల మేతకు ప్రభుత్వం ఇచ్చే కరువు చెల్లింపులు పశువుల యజమానివే. ఆయన చదివి, “అది చట్టంలో ఉన్నదేగా” అని సంతకం పెట్టాడు.